బ్రిటన్ బోర్డింగ్ స్కూల్లో చేర్చాలంటే: దరఖాస్తు, గార్డియన్, వీసా, సామాను

ముందు ఏ తరగతిలో చేర్చాలో తేల్చుకోండి. అక్కడ చదువు సెప్టెంబరులో మొదలవుతుంది, వయసును ఆగస్టు 31 నాటికి లెక్కేస్తారు. బయటి పిల్లల్ని ఎక్కువగా తీసుకునేది 11 ఏళ్లకు ఇయర్ 7లో, 13 ఏళ్లకు ఇయర్ 9లో, 16 ఏళ్లకు ఇయర్ 12లో. మన దగ్గర పది పాసైన పిల్లలు ఇయర్ 12లో చేరి రెండేళ్లు ఏ లెవెల్స్ (మన ఇంటర్ లాంటివి) చదవొచ్చు. పదిహేనేళ్లకే పది పూర్తయితే మాత్రం ఒప్పుకుంటారో లేదో స్కూలును ముందే అడగండి. ఇయర్ 11లో చేర్చే ఆలోచన వద్దు. ఇయర్ 10, 11 కలిపి చదివే జీసీఎస్ఈ రెండేళ్ల కోర్సు, సగంలో వెళ్లి అందుకోవడం కష్టం.

దరఖాస్తుకు ఏడాది, ఏడాదిన్నర ముందు కదలాలి. ఈటన్ లాంటి పేరున్న అబ్బాయిల స్కూల్లో 13 ఏళ్లకు చేరాలంటే అబ్బాయి ఇయర్ 5 వయసులో ఉండగానే, జూన్ 30లోపు పేరు నమోదు కావాలి. ఫీజు తక్కువని స్టేట్ బోర్డింగ్ స్కూళ్ల వైపు చూడకండి. విదేశీ పిల్లలకిచ్చే చైల్డ్ స్టూడెంట్ వీసా మీద ప్రభుత్వ నిధులతో నడిచే స్కూల్లో చేరే వీల్లేదు.

స్కూలును ర్యాంకు చూసి ఎంచుకునేవాళ్లే ఎక్కువ. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: శనివారం రాత్రి హాస్టల్లో ఎంతమంది ఉంటారు? చాలా స్కూళ్లలో స్థానిక పిల్లలు వారాంతానికి ఇంటికి వెళ్లిపోతారు. అరవై మంది ఉండే హౌస్‌లో ఆరుగురే మిగిలితే మన పిల్లలకు ఆ రెండు రోజులూ నరకమే. శనివారం తరగతులున్న, ఫుల్ బోర్డర్లు (వారాంతాల్లోనూ హాస్టల్లోనే ఉండేవాళ్లు) ఎక్కువున్న స్కూలే దూరం నుంచి వచ్చిన పిల్లలకు మేలు. ప్రైవేటు స్కూళ్లను తనిఖీ చేసే ఇండిపెండెంట్ స్కూల్స్ ఇన్‌స్పెక్టరేట్ నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో బోర్డింగ్ గురించి రాసిన భాగం తప్పక చదవండి.

విదేశీ విద్యార్థులకు చాలా స్కూళ్లు యూకేఐసెట్ అడుగుతాయి. కంప్యూటర్ మీద రాసే ఈ పరీక్షలో రీజనింగ్, లెక్కలు, ఇంగ్లిష్ ఉంటాయి, చివర ఒక వ్యాసం రాయాలి. జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంది కాబట్టి పాత పేపర్లు బట్టీ పడితే ఫలితం ఉండదు. రోజూ ఇంగ్లిష్ పుస్తకం చదివించడం, వారానికి రెండు వ్యాసాలు రాయించడం నయం. రెండేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు, ప్రిన్సిపాల్ లేఖ కూడా కావాలి. ఆ లేఖ మీ చేతికి ఇవ్వరు, నేరుగా ఆ స్కూలుకే పంపాలి. మన స్కూళ్లకు ఈ పద్ధతి అలవాటు లేక ఇక్కడే ఆలస్యమవుతుంది. నెల ముందే అడిగి పెట్టుకోండి.

ఫీజు ఏడాదికి 50,000 పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది, పేరున్న చోట్ల 60,000 దాటుతుంది. 2025 జనవరి 1 నుంచి ఫీజు మీద 20 శాతం వ్యాట్ పడుతోంది, అందుకే చెప్పిన మొత్తం వ్యాట్‌తో కలిపా కాదా అని అడగండి. సీటు ఒప్పుకోగానే డిపాజిట్ కట్టాలి. మాన్పించాలంటే పూర్తి టర్మ్ ముందు రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే ఆ టర్మ్ ఫీజు కట్టాల్సిందే.

అక్కడ మన బదులు పిల్లల బాధ్యత తీసుకునే గార్డియన్ విషయంలో తొందరపడొద్దు. టర్మ్ మధ్య సెలవుల్లో, ఎగ్జియట్ అనే వారాంతపు సెలవుల్లో చాలా హాస్టళ్లు మూసేస్తారు. అప్పుడు పిల్లలు గార్డియన్ ఇంట్లో ఉండాలి. అర్ధరాత్రి జ్వరమొచ్చినా, స్కూలు సస్పెండ్ చేసినా వచ్చి తీసుకెళ్లాల్సింది వాళ్లే. లండన్‌లో ఎమ్మెస్ చేస్తున్న తెలిసిన అబ్బాయి పేరు రాసేస్తే చాలా స్కూళ్లు ఒప్పుకోవు, 25 ఏళ్లు దాటి అక్కడే స్థిరపడినవాళ్లు కావాలంటాయి. బంధువులుంటే ఇంకో సంగతి చూసుకోండి. నాన్న సొంత తమ్ముడు దగ్గరి బంధువే. నాన్న పెదనాన్న కొడుకు మనకు బాబాయే అయినా అక్కడి చట్టం లెక్కలో కాదు. 16 ఏళ్లలోపు పిల్లలు అలాంటి వారింట్లో 28 రోజులు, అంతకు మించి ఉంటే స్థానిక కౌన్సిల్‌కు ముందే తెలియజేయాలి. బంధువులు లేకపోతే ఏజిస్ (గార్డియన్ సంస్థలను తనిఖీ చేసే సంస్థ) గుర్తింపున్న గార్డియన్ సంస్థను తీసుకోండి.

వీసాకు స్కూలు సీఏఎస్ నంబరు (సీటు ఇచ్చినట్టు ధ్రువీకరించే నంబరు) ఇస్తుంది. కోర్సు మొదలవడానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. తిరస్కరణకు తరచూ రెండు కారణాలు. ఒకటి బ్యాంకు బ్యాలెన్సు: ఏడాది ఫీజు, హాస్టల్ ఖర్చులో ఇంకా కట్టాల్సిన మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఆ 28వ రోజుకూ దరఖాస్తుకూ మధ్య 31 రోజులు మించకూడదు. ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. రెండోది పేర్లు. జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ఇనిషియల్‌తో, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో మరోలా ఉంటే ఆ డబ్బు తండ్రిదేనని రుజువు కాదు. నెలల ముందే సరిచేయించుకోండి. పత్రం తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అంగీకార లేఖలో వీసా దరఖాస్తుకు, ప్రయాణానికి, అక్కడి వసతి ఏర్పాట్లకు ఒప్పుకుంటున్నట్టు మూడూ స్పష్టంగా రాయాలి. బ్రిటన్ ప్రభుత్వ జాబితాలో ఉన్న క్లినిక్‌లో చేయించిన క్షయ పరీక్ష సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది. ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు, వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లదీ ఒకేసారి కట్టాలి.

సామాను దగ్గర అమ్మమ్మలు నొచ్చుకుంటారు గానీ చెప్పక తప్పదు: నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి పెట్టొద్దు. మాంసం, పాల పదార్థాలు విమానాశ్రయంలోనే తీసేస్తారు. ఆవకాయ, కందిపొడి ఫరవాలేదు. పల్లీపొడి, చిక్కీ మాత్రం గింజల అలర్జీ భయంతో చాలా హాస్టళ్లు రానివ్వవు. మందులు పిల్లల దగ్గర ఉండవు, హాస్టల్లో పిల్లల బాగోగులు చూసే మేట్రన్‌కు అప్పగించాలి. విడి స్ట్రిప్పులు తీసుకోరు, డబ్బాతో పాటు ఇంగ్లిష్ ప్రిస్క్రిప్షన్ ఉండాలి. రైస్ కుక్కర్, కెటిల్ గదిలో నిషేధం. సాక్సుతో సహా ప్రతి బట్టకూ పేరు టేపు కుట్టించండి. లేకపోతే లాండ్రీ నుంచి తిరిగి రావు.

చిన్న తరగతుల్లో రాత్రి ఫోన్లు తీసేసుకుంటారు. వేసవిలో మనకు నాలుగున్నర గంటలు, శీతాకాలంలో ఐదున్నర గంటలు అక్కడి సమయం వెనక. సాయంత్రం ప్రెప్ (హోంవర్క్ వేళ) ముగిశాక పిల్లలు ఖాళీ అయ్యేసరికి మనకు అర్ధరాత్రి దాటుతుంది. ఆదివారం ఉదయం వాళ్ల పదకొండింటికి ఫోన్ వేళ ఖాయం చేసుకుంటే ఇద్దరికీ నిద్ర చెడదు.