పాత సీడీ100లో ఆయిల్ మార్చినా పోని మడ్డి

చెన్నై పుదుపేటలో పాత హీరో హోండా సీడీ100 బైక్ ఇంజన్ కొన్నవాళ్లు ఆయిల్ మార్చి ఊరుకోకండి. ఇందులో పేపర్ ఫిల్టర్ ఉండదు. కుడివైపు క్లచ్ కవర్ లోపల, క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర తిరిగే గుండ్రటి గిన్నే ఫిల్టర్. ఆ వేగానికి ఇనుప రజను అంచుకు కొట్టుకుపోయి గోడకు గట్టిగా పట్టేస్తుంది. డ్రెయిన్ బోల్టు విప్పితే అది రాదు. గిన్నె మూత తీసి కిరోసిన్, బ్రష్‌తో కడగాలి. నూలు రాలే గుడ్డ మాత్రం వాడొద్దు, ఆయిల్ రంధ్రం మూసుకుపోతుంది.

ఇక్కడే చాలామంది స్క్రూలు పాడుచేస్తారు. స్క్రూ తలమీద చిన్న చుక్క ఉంటే అది జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. మామూలు ప్లస్ డ్రైవర్ (ఫిలిప్స్) మొన అందులో పూర్తిగా దిగక జారి గాడిని తినేస్తుంది. జేఐఎస్ డ్రైవరే కొనండి: 5 మి.మీ. స్క్రూకు 2వ నంబరు, 6కు 3వ నంబరు. బిగుసుకుంటే సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి.

కవర్‌కు కొత్త గ్యాస్కెట్ వేయండి. ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ (బైక్ క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని చెప్పే జపాన్ ప్రమాణం) ముద్ర ఉన్నదే పోయండి. క్లచ్ అదే ఆయిల్లో మునిగి ఉంటుంది కాబట్టి కారు ఆయిల్ పోస్తే జారొచ్చు. లెవెల్ చూసేటప్పుడు బండి సెంటర్ స్టాండ్ మీద ఉండాలి, డిప్‌స్టిక్ మర బిగించకుండా ఊరికే ఆనించాలి.