నంబరు ఏ మలుపులో తప్పిపోయింది?

ఆఫీసుల్లో ఎక్స్ఛేంజీలు, అంటే బయటి లైన్లను లోపలి ఫోన్లకు కలిపే పెట్టెలు, బిగించడం నా పని. నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఒకటే: "ఫోను మోగుతోంది గానీ ఎవరు చేస్తున్నారో కనపడటం లేదండీ." అనగానే కొత్త ఫోను కొనకండి. నంబరు మాట మొదలుకాకముందే వేరుగా వచ్చి చేరుతుంది. ఎలా వస్తుందన్నది లైను రకాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ముందు మీ లైను ఏదో తేల్చుకోండి.

రాగి తీగ లైనే ఎక్కువ ఏడిపిస్తుంది. చాలాచోట్ల నంబరు మొదటి రింగుకూ రెండో రింగుకూ నడుమ ఉండే నిశ్శబ్దంలో, సెకనుకు 1200 బిట్ల వేగంతో, రెండు స్వరాలు మారుతూ వస్తుంది. దీన్ని ఎఫ్‌ఎస్‌కే అంటారు. కొన్ని దేశాల్లో డీటీఎంఎఫ్ స్వరాలుగా (ఫోను మీటలు నొక్కితే వినపడేవి), రింగుకు ముందే వచ్చేస్తుంది. ఎక్స్ఛేంజీ సెట్టింగుల్లో మీ లైనుకు తగిన పద్ధతి పెట్టకపోతే నంబరు వచ్చినా దానికి అర్థం కాదు.

ఒక ఆఫీసులో ఈ ఫిర్యాదుతో పూట మొత్తం పోగొట్టుకున్నాను. ఫోను మార్చాను, తీగ మార్చాను, చివరికి లైను కార్డు కూడా మార్చాను. తీరా చూస్తే, స్వాగత సందేశం మొదటి రింగుకే కాల్ ఎత్తేలా ఎవరో పెట్టారు. అలా ఎత్తేస్తే ఆ నిశ్శబ్దమే ఉండదు, ఇక నంబరు ఎక్కడినుంచి వస్తుంది? రెండో రింగు తర్వాత ఎత్తమన్నాను, అంతే. అప్పటినుంచి మొదట చేసే పని ఇది: కాలర్ ఐడీ చూపే మామూలు ఫోనును ఎక్స్ఛేంజీకి ముందే నేరుగా లైనుకు తగిలిస్తాను. అందులో నంబరు పడితే తప్పు మన లోపల ఉన్నట్టు. పడకపోతే లైను ఇచ్చినవాళ్లను అడగాలి.

పీఆర్ఐ లైనులో, అంటే ఒకే డిజిటల్ లైనులో చాలా కాల్స్ నడిచే రకంలో, ఈ బాధ లేదు. మాటల చానెళ్లకు వేరుగా ఉండే డి-చానెల్‌లో, కాల్ వస్తోందని చెప్పే సెటప్ సందేశంతో పాటే నంబరు వస్తుంది. దాని పక్కనే చూపవచ్చా, వద్దా అన్న గుర్తు కూడా ఉంటుంది. అవతలివారు వద్దనుకుంటే మీకు ఖాళీయే కనపడుతుంది. అది లోపం కాదు.

సిప్ ట్రంకులో, అంటే ఇంటర్నెట్ పద్ధతిలో కాల్స్ తెచ్చే లైనులో, నంబరు కాల్‌ను మొదలుపెట్టే ఇన్వైట్ సందేశంలోని హెడర్లలో (పైన ఉండే వివరాల వరుసల్లో) ఉంటుంది. ఫ్రమ్ హెడర్‌లో పంపేవారు ఏమైనా రాసుకోవచ్చు. పి-అసర్టెడ్-ఐడెంటిటీలో ఉండేది నెట్‌వర్క్ తన మాటగా చెప్పే నంబరు, పరస్పరం నమ్మే నెట్‌వర్కుల మధ్యే దానికి విలువ. వచ్చిన ప్రతి కాల్‌కూ మీ ట్రంకు నంబరే కనపడుతోందంటే ఎక్స్ఛేంజీ తప్పు హెడర్ చదువుతోందేమో చూడండి. సెట్టింగులు ఊరికే తిప్పడం కంటే ఒక ఇన్వైట్‌ను పట్టి కళ్లతో చదవడం మేలు.

నంబరు పడి పేరు పడకపోతే మీ చిరునామా పట్టికలో వెతకండి. ప్రపంచవ్యాప్త పద్ధతిలో నంబరు దేశ సంకేతంతో కలిపి గరిష్ఠంగా 15 అంకెలు. లైనులో దేశ సంకేతంతో వచ్చి, పట్టికలో ముందు సున్నాతో రాసి ఉంటే రెండూ కలవవు. లోపలికి వచ్చే చోటే ఒకసారి సరిదిద్దండి, ఫోను ఫోనుకూ కాదు.

కాల్ బదిలీ చేసినప్పుడు రిసెప్షన్ ఎక్స్‌టెన్షనే (లోపలి నంబరే) కనపడటం మరో గొడవ. మాట్లాడి అప్పగిస్తే మొదట అలాగే కనపడుతుంది. అప్పగింత పూర్తయ్యాక అసలు నంబరుకు మారాలి. మారకపోతే ఎక్స్ఛేంజీ ఆ మార్పును ఫోనుకు పంపుతోందో లేదో చూడండి.

బయటికి వెళ్లే కాల్స్‌లో మీకు కేటాయించని నంబరు పంపితే చాలా ఫోను కంపెనీలు దాన్ని తీసేసి మీ ప్రధాన నంబరు పెడతాయి.

ఇంకొకటి. కనపడే నంబరును మోసగాళ్లు మార్చి పంపగలరు. నంబరు చూసి పిన్ అడగకుండా వాయిస్‌మెయిల్ తెరిచే సౌకర్యం ఉంటే ఇప్పుడే ఆపేయండి. తర్వాత బయటినుంచి రెండు కాల్స్ చేయించండి, ఒకటి మామూలుగా, ఒకటి నంబరు దాచి. రెండింటినీ రిసెప్షన్‌లో ఎత్తి, లోపలి ఎక్స్‌టెన్షన్‌కు బదిలీ చేసి, అక్కడ ఏమి పడిందో రాసుకోండి.