గిరి ప్రదక్షిణకు నెల ముందే మడమల సంగతి చూసుకోండి

ఆషాఢ పౌర్ణమి దగ్గర పడుతోందంటే విశాఖలో ఏ ఇంట్లో విన్నా ఒకటే మాట: ఈసారి గిరి ప్రదక్షిణకు ఎవరెవరు వస్తున్నారు? చతుర్దశి నాడు కొండ కింద తొలిమెట్టు అయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే అడవివరం, హనుమంతవాక, విశాలాక్షినగర్, జోడుగుళ్లపాలెం, అప్పుఘర్, ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, కంచరపాలెం, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా సింహాచలం కొండ చుట్టి మళ్లీ అప్పన్న స్వామి దగ్గరికి చేరేసరికి 32 కిలోమీటర్లు. అదీ చాలామంది చెప్పులు లేకుండానే.

ఒక్కసారి లెక్క వేసుకోండి. అడుగు 70 సెంటీమీటర్లు అనుకుంటే 45 వేల అడుగుల పైమాటే. ఏడాదంతా గుమ్మం నుంచి బండి దాకా, బండి దిగి లిఫ్టు దాకా తప్ప నడవని కాళ్ల మీద ఈ భారమంతా ఒక్క రాత్రిలో పడుతుంది. మడమ నొప్పి అనగానే వయసు, బరువు అంటాం. వాటి పాత్ర ఉన్నా, అలవాటు లేని శ్రమ ఒక్కసారిగా మీద పడటం కూడా పెద్ద కారణమే. అందుకే ప్రదక్షిణ అయిపోయిన వారం పది రోజులకు కుంటుతూ డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లలో పాతికేళ్ల కుర్రాళ్లూ ఉంటారు. నెల ముందు మొదలుపెడితే ఇందులో చాలా భాగం తప్పించుకోవచ్చు.

ముందు మీ మడమను మీరే చూసుకోండి

మడమ ఎముక అడుగు నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పొర ఉంటుంది. డాక్టర్లు ప్లాంటార్ ఫేషియా అంటారు. పాదం వంపును పట్టి ఉంచేది ఇదే. మోతాదుకు మించి లాగితే మడమకు అతుక్కున్న చోట ఇది దెబ్బతింటుంది. రాత్రంతా పడుకున్నప్పుడు బిగుసుకుని ఉంటుంది కాబట్టి పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి మడమలో సూది దిగినట్టు కలుక్కుమంటుంది. గోడ పట్టుకుని, పాదం అంచు మీద నడుచుకుంటూ బాత్రూం దాకా వెళ్లేసరికి కాస్త సర్దుకుంటుంది. సర్దుకుంది కదా అని మర్చిపోతాం. సాయంత్రం కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే.

ఈ లక్షణం మీకుందో లేదో ఈ వారమే గమనించండి. బొటనవేలితో మడమ అడుగున లోపలివైపు గట్టిగా నొక్కి చూడండి. అక్కడ ఒక్క చోటే నొప్పి పుడితే ఆ పొర సంగతే అయ్యుండొచ్చు. మడమ నడిమధ్య, గచ్చు మీద నిలబడ్డప్పుడు మాత్రమే నొప్పి అనిపిస్తే అక్కడి కొవ్వు మెత్త పలచబడి ఉండొచ్చు, పెద్దవాళ్లలో ఇది ఎక్కువ. మడమ వెనక, పిక్కను మడమకు కలిపే గట్టి తాడులాంటి చోట నొప్పి అయితే పిక్కల బిగుతు కావొచ్చు. అరికాలంతా మంట, తిమ్మిరి ఉంటే నరాల సమస్య కావొచ్చు. రెండు చేతులతో మడమను ఇటూ అటూ పట్టి నొక్కినప్పుడు ప్రాణం పోయినంత నొప్పి వస్తే, పడుకున్నా తగ్గకపోతే, ఎముకలో సన్నటి చీలిక ఉందేమో చూపించుకోవాలి. అలాంటి మడమతో నడక సాధన కూడా వద్దు.

ఎక్స్‌రే తీసి ఎముక పెరిగింది అంటే బెంబేలు పడేవాళ్లు చాలామంది. ఆ ముల్లులాంటి ఎముక ఏ నొప్పీ లేనివాళ్లలోనూ కనిపిస్తుంది. ముల్లు అలాగే ఉండగానే నొప్పి పూర్తిగా తగ్గిపోయినవాళ్లు ఎంతోమంది. దాన్ని తీయించేయాలన్న తొందర పెట్టుకోకండి.

ఈ నెల రోజులూ ఏం చేయాలి

పొద్దున్న మంచం మీద నుంచి కాలు కింద పెట్టకముందే ఒక పని చేయాలి. కూర్చుని నొప్పి ఉన్న కాలును రెండో మోకాలి మీద వేసుకోండి. చేత్తో కాలివేళ్లను, ముఖ్యంగా బొటనవేలిని, ముంగాలివైపు వెనక్కి లాగండి. రెండో చేత్తో అరికాలిని తడిమితే లోపల తీగ బిగిసినట్టు తగులుతుంది. అది తగిలితేనే సరిగ్గా చేస్తున్నట్టు. 10 అంకెలు లెక్కపెట్టి వదలండి. అలా 10 సార్లు. ఎక్కువసేపు కూర్చుని లేచే ముందు కూడా ఇంతే. ఖర్చు లేదు, సామాను అక్కర్లేదు. ఒక్కటే చేసే ఓపిక ఉన్నవాళ్లు ఇదే చేయండి.

రెండోది పిక్కలకు. గోడకు ఎదురుగా నిలబడి చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, ఆ మడమ నేలకు అంటి ఉండగానే ముందుకు వంగండి. 30 సెకన్లు ఉండాలి. ఒకసారి మోకాలు నిటారుగా, ఒకసారి కాస్త వంచి చేస్తే పిక్కలోని రెండు కండరాలూ సాగుతాయి. పిక్కలు బిగుసుకుంటే ఆ లాగుడంతా మడమ మీదే పడుతుంది. ఎత్తు మడమల చెప్పులు వేసుకునే ఆడవాళ్లు దీన్ని అసలు మానకూడదు.

మూడోది బలం కోసం. మెట్టు అంచున నిలబడి, కాలివేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, రెయిలింగ్ పట్టుకుని మడమలను మెల్లగా పైకి లేపాలి. 3 సెకన్లు పైకి, 2 సెకన్లు అక్కడే, 3 సెకన్లు కిందికి. రోజు విడిచి రోజు చాలు. మొదట రెండు కాళ్ల మీద, అలవాటయ్యాక ఒక్కో కాలి మీద.

ఇక నడక. మొదటి వారం రోజుకు 3 కిలోమీటర్లు, తర్వాత కొంచెం కొంచెంగా పెంచుతూ, ప్రదక్షిణకు వారం పది రోజుల ముందు ఒకసారి 15 కిలోమీటర్ల దాకా నడిచి చూడండి. మర్నాడు పొద్దున్న మొదటి అడుగు ఎలా ఉందన్నదే మీకు జవాబు. నొప్పి పెరిగితే దూరం తగ్గించాలి, ముందు రోజులానే ఉంటే కొనసాగించొచ్చు. చివరి మూడు రోజులు ఎక్కువ నడవకండి, కాళ్లకు విశ్రాంతి కావాలి. వట్టి కాళ్లతో నడుద్దామనుకుంటే ఆ అలవాటు విడిగా చేసుకోవాలి. మేడ మీదో, పార్కులో మట్టిబాట మీదో రోజుకు 10 నిమిషాలతో మొదలుపెట్టండి. బూట్లతో 15 కిలోమీటర్లు నడిచిన కాలు వట్టిగా తారు మీద నాలుగు కిలోమీటర్లకే చేతులెత్తేస్తుంది.

ఇంట్లో మాత్రం దీనికి వ్యతిరేకం. మడమ నొప్పి ఉన్నవాళ్లు గ్రానైటు, టైల్స్ మీద గంటలకొద్దీ నిలబడి వంట చేస్తూ వట్టి కాళ్లతో ఉండొద్దు. మెత్తటి అట్ట ఉన్న, మడమ దగ్గర కొంచెం ఎత్తున్న చెప్పులు ఒక జత ఇంటికోసమే పెట్టుకోండి. అరిగి పలచబడ్డ హవాయి చెప్పులు అందుకు పనికిరావు. అత్తగారు ఏమనుకుంటారో అని చెప్పులు వేసుకోని కోడళ్లు ఇంకా ఉన్నారు. అత్తగారికీ ఒక జత కొనండి, ఆవిడ మడమలూ అవే టైల్స్ మీద తిరుగుతున్నాయి.

పగుళ్లు, గోళ్లు, ఆనెలు

పగిలిన మడమలతో వర్షంలో రోడ్డు మీద నడిస్తే మురికి లోపలికి దిగుతుంది. రాత్రి గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు ఉంచి, గరుకు రాయితో మెల్లగా రుద్ది, తుడిచి, యూరియా ఉన్న మడమల క్రీమో వాజలీనో రాసి నూలు మేజోళ్లు వేసుకుని పడుకోండి. రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది. బ్లేడుతో చెక్కకండి. గోళ్లు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు, మూలలు లోతుగా కోయకుండా, తిన్నగా తీసుకోండి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే అది కూడా ముందే వేయించుకోండి.

షుగర్ ఉన్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి

షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. దూది మీద నడుస్తున్నట్టుంది అని చెబుతుంటారు. వాళ్లకు మేకు గుచ్చుకున్నా, తారు కాలినా, బొబ్బ చిట్లినా తెలియదు. తెలియక ఆ పాదంతోనే మరో 20 కిలోమీటర్లు నడుస్తారు. నొప్పి లేదు కాబట్టి కాళ్లు బాగున్నాయన్న ధైర్యమే ఇక్కడ అన్నిటికంటే ప్రమాదం. చిన్న పుండు ముదిరి వేలు తీసేయాల్సిన పరిస్థితి దాకా వెళ్లడం ఆసుపత్రుల్లో అరుదేమీ కాదు.

అందుకని ముందు డాక్టర్ దగ్గర పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద తాకించి చూస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. స్పర్శ తగ్గిందని తేలితే వట్టి కాళ్లతో నడవనే వద్దు. అంత దూరం నడవొచ్చా అన్నది కూడా ఆ డాక్టరే చెప్పాలి. నడవొచ్చంటే పాతబడి కాలికి అలవాటైన బూట్లు, మేజోళ్లతోనే నడవండి, మెట్ల దగ్గర విప్పండి. అప్పన్న తప్పు పట్టడు. గిరి ప్రదక్షిణ చేయలేనివాళ్లు ఆలయం చుట్టూ ప్రదక్షిణ చేసి మొక్కు తీర్చుకోవడం సింహాచలంలో ఉన్న ఆచారమే. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట పిల్లలు చెబితే వినరు, వాళ్ల ఈడువాళ్ల చేత చెప్పించండి.

ఆ రోజు, ఆ రాత్రి

తొలిపావంచా దగ్గర కింద చూసి అడుగు వేయండి. వేల కొబ్బరికాయలు పగులుతాయి, చిప్పముక్కలు కత్తుల్లా ఉంటాయి. తొలి గాయం అక్కడే అయితే తక్కిన దారంతా దాన్ని మోయాలి. ఎండ కాస్తుంటే తారు చల్లబడ్డాకే బయలుదేరండి.

విశాలాక్షినగర్ దాటి సముద్రం వైపు దిగేటప్పుడు హుషారులో పరుగులు తీయొద్దు. దిగుడులో వేళ్ల మొదళ్లు, మోకాళ్లు దెబ్బతింటాయి. చిన్న అడుగులు వేయండి. జోడుగుళ్లపాలెం, అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం చేసేవాళ్లు ఒక్క పని మర్చిపోకండి. పైకి వచ్చాక మంచినీళ్లతో కాళ్లు కడుక్కుని, పొడిబట్టతో వేళ్ల సందుల్లో ఇసుక రేణువు మిగలకుండా తుడవండి. నానిన చర్మం, దానికి తోడు ఇసుక రాపిడి, ఇంకా బోలెడు దూరం. బొబ్బలు ఎక్కువగా అక్కడి నుంచే మొదలవుతాయి. తడి ఆరాక వేళ్ల సందుల్లో కాస్త వాజలీను రాస్తే రాపిడి తగ్గుతుంది.

ఎక్కడైనా చుర్రుమంటే ఆగిపోయి చూడండి. ఎర్రబడ్డ చోట ప్లాస్టరు అంటిస్తే బొబ్బ ఆగుతుంది. లేచిన బొబ్బను పొడవకండి, పైచర్మమే దానికి కట్టు. గంటన్నరకోసారి కూర్చుని కాళ్లు చాపి పిక్కలు సాగదీయండి. దారి పొడవునా మజ్జిగ, పులిహోర పెట్టేవాళ్లు ఉంటారు, చక్కగా తీసుకోండి. చెమట ఎక్కువ పట్టేవాళ్లు ఓఆర్‌ఎస్ పొట్లాలు తెచ్చుకుని, పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలుపుకోండి.

బయలుదేరే ముందే నొప్పి మాత్ర వేసుకోవడం మాత్రం మానండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు, కిడ్నీలకు మంచివి కావు. బీపీ మందులు వాడేవాళ్లకు ఇంకా ప్రమాదం. పైగా ఆగమని కాలు చెప్పే మాట వినపడకుండా పోతుంది. అడుగు వేస్తుండగా అరికాల్లో టప్పుమని తెగినట్టనిపించి కాలు మోపలేకపోతే అక్కడితో ఆపేసి ఆటో ఎక్కండి. ఏడాదికోసారి ఆషాఢం వస్తుంది.

ఇంటికి వచ్చాక

మరిగే నీళ్లలో కాళ్లు పెట్టకండి. ముందు లైటు వేసుకుని అరికాళ్లు పరీక్షగా చూసుకోండి, కనపడకపోతే అద్దం పెట్టుకోండి. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, కాళ్లు దిండు మీద ఎత్తుగా పెట్టి పడుకోండి. మడమ సలుపుతుంటే నీళ్లు పోసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన చిన్న సీసాను తువ్వాలు మీద పెట్టి అరికాలి కింద 10 నిమిషాలు దొర్లించండి. స్పర్శ లేని పాదాలకు ఇది వద్దు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అలసట అనుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

మర్నాటి నుంచి పొద్దున్నే మంచం మీద చేసే ఆ సాగదీత మళ్లీ మొదలుపెట్టండి. రెండు వారాలకు కూడా మొదటి అడుగు నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టర్‌నో ఫిజియోథెరపిస్టునో కలవండి. ఈ నొప్పి తగ్గడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాకా. అయినా ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. మడమలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తామంటే, అది కొన్ని వారాల ఉపశమనానికి బాగా పనిచేస్తుంది కానీ మళ్లీ మళ్లీ వేయిస్తే ఆ పొర తెగే ప్రమాదం, మడమ కొవ్వు కరిగే ప్రమాదం ఉన్నాయి. ఎన్నోసారి వేస్తున్నారో, వ్యాయామం సరిగ్గా చేసి చూశారో లేదో డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.