మంగలి కత్తితో గడ్డం గీసుకుంటే మంట, పొక్కులు ఎందుకు వస్తున్నాయి?

మంగలి కత్తి కొత్తగా పట్టుకునేవాళ్ళకి మొదటి భయం ఎక్కడ తెగుతుందోనని. కానీ చాలామంది చేత కత్తి మానిపించేది గాటు కాదు. గీసుకున్న పూట మంట, మూడో రోజుకి మెడ మీద మొటిమల్లాంటి పొక్కులు. మొదటి ఆరు నెలలూ నేనూ ఈ రెండూ పడ్డాను. నాది సున్నితమైన చర్మం అనుకుని క్రీములు మారుస్తూ పోయాను. చివరికి తేలిందేమిటంటే, నున్నగా రావాలన్న పట్టుదలతో ఒకే చోట పదే పదే గీయడమే నా తప్పు.

బాధ ఎప్పుడు మొదలైందో గమనిస్తే కారణం సగం దొరికినట్టే. గీస్తున్నప్పుడా, కడుక్కున్నాకా, రెండు మూడు రోజులకా? ఆ వరసలోనే చూద్దాం.

సమస్య: గీస్తున్నప్పుడే వెంట్రుకలు పీకినట్టు ఉంది

వెంట్రుక నానలేదు, లేదా కత్తికి పదును చాలలేదు. మొదటిది సరిచేయడం తేలిక కాబట్టి ముందు అది చూడండి. ఎండు వెంట్రుక గట్టిగా ఉంటుంది. నీళ్ళు పీల్చుకున్నాక మెత్తబడి చాలా తక్కువ బలానికే తెగుతుంది. అందుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. స్నానం చేసి వచ్చి గీసుకోవడం అన్నిటికంటే సులువు. కుదరకపోతే గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు గడ్డం మీద కాసేపు వేసుకోండి.

అయినా పీకుతుంటే లోపం కత్తిలోనే. గీసుకునే ముందు ప్రతిసారీ తోలు పట్టీ మీద అటూ ఇటూ 50 సార్లు లాగాలి. కొత్తవాళ్ళు ఇక్కడే పొరబడతారు, వాదర (కోసే అంచు) ముందుకు పెట్టి తోస్తారు. దాంతో తోలూ తెగుతుంది, పదునూ పోతుంది. కత్తి వీపు ముందు నడవాలి, వాదర దాని వెనక రావాలి. పట్టీ చివరికొచ్చాక కత్తిని వీపు మీదే దొర్లించి తిప్పాలి. పట్టీ బిగుతుగా ఉండాలి, వదులుగా ఉంటే వాదర గుండ్రంగా అరిగిపోతుంది.

తోలుతో పని జరగనప్పుడు సాన రాయి. 8000 లేదా 12000 నంబరు రాయి (నంబరు పెరిగే కొద్దీ రాయి నునుపు) తడిపి, చేతి బరువు వేయకుండా కొన్నిసార్లు నూరితే చాలు. వారానికి మూడుసార్లు గీసుకునేవాళ్ళకి రెండు మూడు నెలలకోసారి ఆ అవసరం పడుతుంది. వీధిలోకి వచ్చే సాన చక్రం అతనికి మాత్రం ఈ కత్తి ఇవ్వకండి. కత్తిపీటకి బాగానే ఉంటుంది కానీ, ఆ గరుకుకీ వేడికీ సన్నటి వాదర ఒక్క పూటలో పాడైపోతుంది.

మీది సెలూన్లలో వాడే సగం బ్లేడు కత్తి అయితే ఇదంతా అక్కర్లేదు, బ్లేడు మార్చేయండి.

సమస్య: కడుక్కోగానే మంట, చర్మం ఎర్రబడడం

ఇక్కడ మూడు కారణాలు కలిసి పనిచేస్తాయి: కోణం, ఒత్తిడి, నురగ.

కత్తికీ చెంపకీ మధ్య కోణం సుమారు 30 డిగ్రీలు ఉండాలి. అంతకంటే నిలబెడితే వెంట్రుకతో పాటు చర్మం పైపొరను కూడా గోకుతుంది, ఆ గోకుడే మంట. మరీ పడుకోబెడితే సరిగా తెగక లాగుతుంది. ఒత్తిడి అసలే అక్కర్లేదు. కత్తి బరువు చాలు. నొక్కాల్సి వస్తోందంటే పదును లేదని అర్థం, మళ్ళీ పట్టీ దగ్గరికి వెళ్ళండి. గీసేటప్పుడు చప్పుడు వినండి. సన్నగా గరగరమని సమానంగా వినిపిస్తుంటే కత్తి సరిగ్గా నడుస్తున్నట్టే.

నురగ గురించి మనవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు కఠినంగా ఉంటాయి. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా మారతాయి, నురగ నిలబడదు. బ్రష్‌తో ఎంత తిప్పినా బుడగలే వస్తాయి, రెండు నిమిషాల్లో ఆరిపోతాయి. ఆరిన చోట కత్తి నడిస్తే ఎండు చర్మం మీద నడిచినట్టే. ఖరీదైన సబ్బు కొన్నా బాగుపడని ఈ తంటా, తాగడానికి పట్టుకున్న ఫిల్టర్ నీళ్ళు ఒక గ్లాసు వాడగానే నాకు పోయింది. నురగ పెరుగులా చిక్కగా ఉండాలి. గాలి బుడగలు కనిపిస్తుంటే నీళ్ళు ఎక్కువయ్యాయని, సబ్బు తక్కువైందని అర్థం.

ఇంకొక్కటి, నురగ పోయిన చోట రెండోసారి గీయకండి. ఒక్క వెంట్రుక మిగిలినా సరే, మళ్ళీ నురగ రాశాకే కత్తి పెట్టాలి.

కడుక్కున్నాక తడి పటిక ముక్క ముఖమంతా రుద్దితే తప్పు ఎక్కడ జరిగిందో అదే చెబుతుంది. చురుక్కుమన్న చోట కత్తి ఎక్కువ గోకినట్టు. నాకు వారాల తరబడి గడ్డం కిందే చురుక్కుమనేది, అలా ఆ చోట కోణం మార్చుకున్నాను. పటికను ఒక నిమిషం ఉంచి కడిగేయండి, అలాగే వదిలేస్తే చర్మం బిగిసి పొడిబారుతుంది. తర్వాత వాసన లేని మాయిశ్చరైజర్ కొద్దిగా రాస్తే సరిపోతుంది. స్పిరిట్ ఉన్న లోషన్లు కమిలిన చర్మాన్ని మరింత మండిస్తాయి.

సమస్య: చెంపలు బాగానే ఉన్నాయి, మెడ మాత్రం ఎర్రగా

చెంప మీద వెంట్రుకలు చాలావరకు కిందికి పెరుగుతాయి. మెడ మీద అలా కాదు. కొందరికి పక్కకి, కొందరికి పైకి, గొంతు దగ్గర సుడి తిరిగినట్టు కూడా ఉంటాయి. మెడనంతా పైనుంచి కిందికి గీస్తే, మీకు తెలియకుండానే కొన్నిచోట్ల ఎదురు గీత, అంటే వెంట్రుక పెరిగే దిశకి ఎదురుగా గీత, పడుతుంది. రెండు రోజులు గడ్డం పెంచి, వేలితో నాలుగు వైపులా నిమిరి చూడండి. గరుకు తగలని దిశే వెంట్రుకల వాలు. మొదటిసారి కత్తి అటే నడవాలి.

సమస్య: రెండు మూడు రోజులకి పొక్కులు, మధ్యలో నల్లటి చుక్క

ఇవి లోపలికి పెరిగిన వెంట్రుకలు. ఉంగరాల వెంట్రుకలున్నవాళ్ళకి ఎక్కువ. అందుకే ఆఫ్రికా మూలాలున్న మగవాళ్ళలో ఇది చాలా సాధారణం. ఇది రెండు రకాలుగా జరుగుతుంది. వాలుగా తెగిన వెంట్రుక మొన సూదిలా ఉంటుంది. అది బయటికి వచ్చి, వంగి, పక్కన చర్మంలో గుచ్చుకుంటుంది. లేదా చర్మం లాగి పట్టి ఎదురు గీస్తే వెంట్రుక చర్మం మట్టం కన్నా కిందికి తెగుతుంది. చర్మం వదలగానే మొన లోపలికి జారి, రంధ్రం గోడనే పొడుచుకుంటూ పెరుగుతుంది. శరీరం దాన్ని బయటి వస్తువులాగే చూస్తుంది కాబట్టి వాపు వస్తుంది.

మంగలి కత్తితో చిక్కు ఇక్కడే. చర్మం బిగించకపోతే గాటు పడుతుంది, బాగా లాగి ఎదురు గీస్తే ఇది వస్తుంది. కాబట్టి ముడత పోయేంత వరకే బిగించండి. ఒక్కసారే, వాలు దిశలోనే గీయండి. ఇంకా నున్నగా కావాలంటే రెండోసారి అడ్డంగా, అదీ చెంపల మీదే. సెలూన్‌లో అయితే "అన్నా, రివర్స్ వద్దు" అని ముందే చెప్పండి, అడక్కపోతే మంచి పని అనుకునే ఎదురు గీస్తారు. చేత్తో నిమిరితే కాస్త గరుకు తగులుతుంది. ఆ గరుకే మెడను కాపాడుతోంది, దాన్ని ఉండనివ్వండి.

ఇప్పటికే పొక్కులుంటే కత్తి పక్కన పెట్టండి. మూడు నాలుగు వారాలు ట్రిమ్మర్‌తో, చర్మానికి ఆనించకుండా, కత్తిరించుకోండి. వెంట్రుక పొడవు పెరిగే కొద్దీ చాలావరకు దానంతటదే బయటికి లేస్తుంది. చర్మం మీద వలయంలా కనిపిస్తే, స్పిరిట్‌తో తుడిచిన సూది మొనతో ఆ వలయాన్ని పైకి లేపి వదిలేయండి. పీకొద్దు. పీకిన చోట కొత్త వెంట్రుక మళ్ళీ లోపలే గుచ్చుకోవచ్చు. 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఉన్న లోషన్ రాత్రిపూట రాస్తే చచ్చిన చర్మం వదులై దారి ఇస్తుంది. కానీ గీసుకున్న రోజు రాయకండి, బాగా మండుతుంది.

సమస్య: చీము, నొప్పి, లేదా గుండ్రంగా పాకే దురద

ఇవి కత్తి నడక మార్చితే తగ్గేవి కావు. చీము పొక్కులు బ్యాక్టీరియా వల్ల కావచ్చు, గుండ్రటి దురద తామర కావచ్చు. ఒకరి కత్తి, ఒకరి బ్లేడు ఇంకొకరు వాడకూడదు, ఇంట్లో అన్నదమ్ములైనా సరే. హెపటైటిస్ బి, సి లాంటివి రక్తం అంటిన బ్లేడుతో పాకుతాయి. సెలూన్‌లో కొత్త బ్లేడు మీ కళ్ళ ముందే విప్పమనండి.

మందుల షాపులో ఎవరో చెప్పారని స్టెరాయిడ్ కలిసిన క్రీము ముఖానికి రాయొద్దు. ఎర్రదనం రెండు రోజుల్లో తగ్గినట్టు కనిపిస్తుంది, కింద తామర పాకుతూనే ఉంటుంది, చర్మం పలచబడుతుంది. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అప్పటికే ఏదైనా రాసి ఉంటే ఆ ట్యూబు వెంట తీసుకెళ్ళి చూపించండి.