ఇంట్లో రోగి నాడి, ఊపిరి, బీపీ చూసే పద్ధతి

మంచం మీదున్న మనిషిని లేపి, కూర్చోబెట్టిన వెంటనే కఫ్ (బీపీ మిషన్‌కు ఉండే, చేతికి చుట్టే పట్టీ) చుట్టేస్తే ఆ బీపీని నమ్మలేం. ముందు అయిదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా ఉండనివ్వండి. అరగంటలోపు కాఫీ, టీ, సిగరెట్ తాగినా, మూత్రం ఆపుకుని ఉన్నా అంకె పెరుగుతుంది. ఇవన్నీ ముందే అడగాలి.

మొదట నాడి చూడండి. రోగి అరచేయి పైకి ఉంచి, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మీ చూపుడువేలు, మధ్యవేలు మెల్లగా ఆనించాలి. మీ బొటనవేలితో చూడొద్దు, అందులో కొట్టుకునే మీ నాడినే లెక్కపెట్టేస్తారు. గట్టిగా నొక్కితే అసలు అందదు. 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయొచ్చు. మధ్యలో తప్పుతూ కొట్టుకుంటుంటే మాత్రం పూర్తి నిమిషం చూడాలి. విశ్రాంతిలో ఉన్న పెద్దవాళ్లకు 60 నుంచి 100 మామూలు.

వేళ్లు తీయకుండానే ఊపిరి లెక్కపెట్టండి. చాలామంది వదిలేసేది దీన్నే. న్యుమోనియా లాంటి జబ్బు ముదురుతున్నప్పుడు బీపీ పడిపోవడానికి చాలా ముందే ఊపిరి వేగం పెరుగుతుంది కాబట్టి దీన్ని వదలకూడదు. చూస్తున్నామని చెబితే రోగి తెలియకుండానే తీరు మార్చేస్తారు. నాడి చూస్తున్నట్టే చేయి పట్టుకుని ఛాతీ లేచి పడటాన్ని ఒకటిగా లెక్కించండి, నిమిషం పాటు. పెద్దవాళ్లకు 12 నుంచి 20. పసిపిల్లల లెక్క వేరు: రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, అంతకు చేరినా దాటినా వేగంగా పీలుస్తున్నట్టే. డొక్కలు లోపలికి లాక్కుపోతుంటే అంకెతో పనిలేదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బీపీకి వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, కాలు మీద కాలు వేయకుండా కూర్చోబెట్టండి. చేయి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి, కిందికి వేలాడితే అంకె పెరుగుతుంది. కఫ్ చొక్కా మీద కాదు, చర్మం మీదే చుట్టాలి. దాని కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన ఉండాలి. లావు చేతికి చిన్న కఫ్ వేస్తే లేని బీపీ కనిపిస్తుంది. ఈ పొరపాటు వల్ల అనవసరంగా మందు పెరగొచ్చు. డయాలసిస్ కోసం ఫిస్టులా (ఆపరేషన్‌తో రక్తనాళాలను కలిపి చేసిన దారి) పెట్టిన చేతికి కఫ్ అస్సలు వేయొద్దు. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఇకముందు చూడండి. నిమిషం విరామంతో రెండుసార్లు చూసి సగటు రాయాలి. ఇంట్లో చూసిన సగటు తరచూ 135/85 దాటుతుంటే డాక్టర్‌కు చూపించాలి. 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒకపక్క చేయి కాలు పడిపోవడం లాంటివి ఉంటే 108కి ఫోన్ చేయండి.

జ్వరం చూడటం తేలిక. చంక చెమట తుడిచి, థర్మామీటర్ మొన లోపలికి పెట్టి, బీప్ వచ్చేదాకా చేయి అదిమి ఉంచాలి. నోట్లో కన్నా చంకలో కాస్త తక్కువే చూపిస్తుంది.

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్‌కు గోళ్ల రంగు, ముదురు గోరింటాకు, చల్లబడ్డ వేళ్లు అడ్డు. రంగు తుడిచి, వేలు వెచ్చచేసి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగండి. 95 నుంచి 100 మామూలు. 90 కన్నా తక్కువ నిలకడగా చూపిస్తే ఆలస్యం చేయొద్దు. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం తమకెంత ఉండాలో డాక్టర్‌ని ముందే అడిగి రాసిపెట్టుకోవాలి.

ప్రతి అంకె పక్కనా సమయం, ఏ చేయి, మాత్ర వేసుకోకముందా తర్వాతా అన్నది రాయండి.