టీవీలో బొమ్మ సాగుతోందా? రిమోట్ పట్టుకునే ముందు రిజల్యూషన్ చూడండి

తిరుపతిలో టీవీకి తగిలించిన హోమ్ థియేటర్ కంప్యూటర్ బాగుచేయడానికి నేను వెళ్లిన ఇళ్లలో ఎక్కువచోట్ల, నేను చేరేసరికే ఎవరో ఒకరు రిమోట్‌తో జూమ్, వైడ్, 4:3 అన్నీ మార్చి చూసి ఉంటారు. దానివల్ల అసలు లోపం పోదు సరికదా, దాని మీద రెండో లోపం చేరుతుంది. కాబట్టి ముందు టీవీలో పిక్చర్ సైజును 16:9కీ, కోడీ వంటి ప్లేయర్‌లో వ్యూ మోడ్‌ను నార్మల్‌కూ తిరిగి తెచ్చి పెట్టండి. ఆ తరువాత రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కి, కంప్యూటర్ నుంచి ఏ రిజల్యూషన్ (అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని చుక్కలు) వస్తోందో చదవండి. అర నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను దాదాపు అందరూ వదిలేస్తున్నారు.

కంటి అంచనా చాలదు, కొలవాలి. శంఖుచక్రనామాల చిత్రం ఒకటి కంప్యూటర్‌లో తెరిచి, అందులోని చక్రం తెరపై 30 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేలా పెద్దది చేసి, దాని వెడల్పును టేపుతో కొలవండి. అక్కడ కూడా 30 వస్తే ఆకారం విషయంలో కంప్యూటర్, టీవీ రెండూ సరిగానే ఉన్నట్టు. ఇక లోపం వీడియోలోనో ప్లేయర్‌లోనో వెతకాలి.

చక్రం 40 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే

మనుషులు లావుగా, పొట్టిగా కనిపిస్తారు. ఇన్ఫోలో 1024×768 అని ఉంటుంది. అది 4:3 ఆకారపు బొమ్మ. టీవీ దాన్ని 16:9 తెర నిండా పరిచినప్పుడు ప్రతిదీ మూడో వంతు అడ్డంగా సాగుతుంది. సెట్టింగ్స్‌లో 1920×1080 పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోతుంది, మళ్లీ కరెంటు పోయేదాకా.

కొర్లగుంటలో ఒక ఇంటికి ఇదే పని మీద మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి రిజల్యూషన్ మార్చాను, రెండోసారి తీగ మార్చి గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మళ్లీ ఎక్కించాను. మూడోసారి నేను అక్కడ ఉండగానే కరెంటు పోయి వచ్చింది. వచ్చిన వెంటనే కంప్యూటర్ తనంతట తానే మొదలైంది. టీవీ మాత్రం స్టాండ్‌బైలోనే ఉండిపోయింది. ఇంటివాళ్లు టీవీ వేసేసరికి బొమ్మ సాగిపోయి ఉంది. కారణం అప్పుడు అర్థమైంది.

ప్రతి టీవీలోనూ తాను ఏయే రిజల్యూషన్లు చూపగలదో చెప్పే ఈడీఐడీ అనే చిన్న సమాచారం ఉంటుంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు హెచ్‌డీఎంఐ తీగ గుండా దాన్ని చదువుకుంటుంది. టీవీ ఆపి ఉన్నా అది అందేలా హెచ్‌డీఎంఐలో ఏర్పాటు ఉన్నప్పటికీ, స్టాండ్‌బైలో సరిగా జవాబివ్వని టీవీలు, ముఖ్యంగా కంప్యూటర్‌కూ టీవీకీ మధ్యలో ఉండి స్పీకర్లను నడిపే ఏవీ రిసీవర్లు చాలానే ఉన్నాయి. జవాబు రాకపోతే కంప్యూటర్ ఏ తెరకైనా పనికొస్తుందని 1024×768కు దిగిపోతుంది. కంప్యూటర్ యూపీఎస్ మీద, టీవీ నేరుగా లైన్ మీద ఉన్న ఇళ్లలో కంప్యూటర్ ఆగకపోయినా ఇదే జరగవచ్చు. టీవీ మాయమైందని అది వేరే రిజల్యూషన్‌కు మారి, టీవీ తిరిగి వచ్చాక కూడా అక్కడే ఉండిపోతుంది.

నిర్ధారించుకోవడం తేలిక. ముందు టీవీని, రిసీవర్ ఉంటే దాన్నీ వేసి, ఆ తరువాత కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. చక్రం గుండ్రంగా వస్తే కారణం ఇదే. డ్రైవర్ల జోలికి పోవలసిన పని లేదు. శాశ్వతంగా పోవాలంటే బయోస్‌లో (కంప్యూటర్ మొదలవుతుండగా తెరిచే మూల సెట్టింగుల్లో), కరెంటు వచ్చినప్పుడు కంప్యూటర్ ఏం చేయాలో చెప్పే సెట్టింగ్‌ను ఆఫ్‌లో పెట్టండి. రికార్డింగుల కోసం అది తనంతట తానే లేవడం అవసరమైన ఇంట్లో ఈ మార్గం కుదరదు. అక్కడ లినక్స్ అయితే టీవీ వేసి ఉన్నప్పుడు ఈడీఐడీని ఫైలుగా దాచి, ప్రతిసారీ దాన్నే చదివేలా పెట్టవచ్చు. విండోస్ అయితే తీగకూ కంప్యూటర్‌కూ మధ్య పెట్టే ఈడీఐడీ ఎమ్యులేటర్, అంటే టీవీ బదులు తానే ఈడీఐడీ అందించే చిన్న పరికరం, కొనడమే నయం. యూపీఎస్ మీద నడిచే కంప్యూటర్‌కు కూడా ఈ చివరి రెండే మార్గాలు.

చక్రం సరిగానే ఉండి, కొన్ని వీడియోల్లో మాత్రం మనుషులు సన్నగా ఉంటే

డీవీడీ నుంచి తీసినవి, పాత ఎస్‌డీ ఛానళ్ల రికార్డింగులు ఇలా వస్తాయి. వాటి కొలత 720×576. అందులో చుక్కలు చదరంగా ఉండవు, ఏ ఆకారంలో పరచాలో చెప్పే గుర్తు వీడియోతోపాటు ఉంటుంది. ఫైలు మార్చేటప్పుడు ఆ గుర్తు పోతే 16:9 బొమ్మలో 30 సెంటీమీటర్ల వెడల్పు ఉండవలసినది 21కి కుదించుకుపోతుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో కీబోర్డు మీద A అక్షరం నొక్కుతూ 16:9 వచ్చేదాకా మార్చండి. కోడీలో ఆ ఒక్క వీడియోకే స్ట్రెచ్ 16:9 పెట్టండి. దాన్ని అన్ని వీడియోలకూ డిఫాల్ట్‌గా మాత్రం చేయవద్దు, చేస్తే పాత 4:3 సినిమాలన్నీ సాగిపోతాయి.

చక్రం గుండ్రంగానే ఉండి అంచులు తెగితే

అది ఓవర్‌స్కాన్, అంటే టీవీ బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులను తెర బయటికి నెట్టడం. ఎల్‌జీలో జస్ట్ స్కాన్, శాంసంగ్‌లో స్క్రీన్ ఫిట్, సోనీలో ఫుల్ పిక్సెల్ ఎంచుకుంటే పోతుంది.

సినిమాస్కోప్ చిత్రాలకు పైనా కిందా నల్లపట్టీలు ఉండటం లోపం కాదు. 2.35:1 బొమ్మకు 1080 వరుసల్లో సుమారు 817 మాత్రమే కావాలి. వాటిని నింపాలని జూమ్ చేస్తే రెండు పక్కలా బొమ్మ పోతుంది. తీగ పాడవడం, గ్రాఫిక్స్ కార్డు చెడిపోవడం వల్ల బొమ్మ ఆగి ఆగి వస్తుంది, చుక్కలు పడతాయి, లేదా అసలు రాదు. బొమ్మ స్పష్టంగా ఉంటూ సాగింది కాబట్టి వాటి కోసం డబ్బు పెట్టకండి.