బాబేజ్ మెషీన్ లెక్క ఎలా కట్టేదో కాగితం మీద చేసి చూడండి

కంప్యూటర్ల చరిత్ర అనగానే చాలామంది పేర్లు, సంవత్సరాలు బట్టీ పడతారు. నా మాట విని ముందు ఓ పావుగంట కూర్చుని, 19వ శతాబ్దపు ఇంగ్లండ్ గణితవేత్త ఛార్లెస్ బాబేజ్ లెక్కల పట్టికలు కట్టడానికి తలపెట్టిన డిఫరెన్స్ ఇంజిన్ అనే మెషీన్ చేసే పనిని మీ చేత్తో చేయండి, మిగతా చరిత్ర దానంతట అదే బుర్రకెక్కుతుంది. గళ్ల కాగితం, పెన్సిల్ చాలు.

అప్పట్లో కంప్యూటర్ అంటే మెషీన్ కాదు, కూర్చుని లెక్కలు కట్టే మనిషి. ఓడలు నడిపేవాళ్లకి, ఖగోళశాస్త్రం వాళ్లకి కావాల్సిన టేబుల్స్, అంటే లెక్కల పట్టికలు, అన్నీ అలా చేత్తో కట్టినవే, తప్పులు లెక్కలోనూ పడేవి, అచ్చులోనూ పడేవి. 1790ల్లో ఫ్రాన్స్‌లో ద ప్రోనీ అనే ఇంజినీర్ కూడికలు, తీసివేతలు మాత్రమే వచ్చినవాళ్లతో పెద్ద పెద్ద టేబుల్స్ కట్టించాడు. కూడిక ఒక్కటే అయితే పళ్లచక్రాలతో చేయించొచ్చు కదా అని బాబేజ్ పట్టుకున్నాడు, 1822 కల్లా చిన్న మోడల్ చేసి చూపించాడు.

ఆయన చూపించిన లెక్కే మనమూ చేద్దాం. ఒక సంఖ్య వర్గానికి అదే సంఖ్యని, ఇంకో 41ని కలపాలి. 0కి 41, 1కి 43, 2కి 47, 3కి 53 వస్తాయి. వాటి మధ్య తేడాలు 2, 4, 6. ఆ తేడాల మధ్య తేడా ఎప్పుడూ 2యే, ఈ పద్ధతికి ప్రాణం అదే.

ఇప్పుడు మూడు నిలువు గడులు గీసి మొదటి వరసలో 41, 2, 2 రాయండి. కొత్త వరస కోసం పై వరసలోని మొదటి గడికి రెండో గడిని కలపండి, 43. తర్వాత రెండో గడికి మూడోది కలపండి, 4. మూడోది మారదు. అలాగే 47, 6, 2 తర్వాత 53, 8, 2 ఇలా దిగుతూ పోవడమే, ఎక్కడా గుణకారం లేదు చూశారా! ఒకటే జాగ్రత్త, కలిపేటప్పుడు పై వరసలో ఉన్న పాత అంకెలే వాడాలి. నేను మొదటిసారి రెండో గడిని ముందే మార్చేసి దాన్నే మొదటి గడికి కలిపాను, వరసంతా పాడైంది.

97కి 16 కలిపే దగ్గర కాస్త ఆగండి. 7, 6 కలిస్తే 13, 3 వేసి 1 పక్కకి పంపాలి, అక్కడ 9, 1, ఇంకో 1 కలిసి మళ్లీ దాటిపోతుంది, మొత్తం 113. మనకిది క్షణం పని, పళ్లచక్రాలకి కాదు. ఒక చక్రం 9 దాటి 0కి వచ్చినప్పుడు పక్క చక్రాన్ని ఒక పన్ను ముందుకు తోయాలి, అది కూడా 9 మీద ఉంటే దాని పక్కదాన్నీ తోయాలి. బాబేజ్ బుర్ర ఎక్కువగా పెట్టింది ఇక్కడే, నాకైతే మొత్తం మెషీన్‌లో ఇదే అందమైన భాగం.

10 దగ్గర 151 రావాలి, రాకపోతే ఎక్కడో జారారు. మొదటి గడిలో తప్పు పడితే కింద అన్నీ అంతే తేడాతో ఉంటాయి, రెండో గడిలో పడితే తేడా వరసవరసకీ పెరిగిపోతుంది.

పెద్ద మెషీన్ ఆయన బతికుండగా పూర్తవ్వలేదు, ప్రభుత్వం 17 వేల పౌండ్ల పైనే ఖర్చుపెట్టి 1842లో ఆపేసింది. ఆయన తర్వాత గీసిన రెండో డిజైన్‌తో లండన్ సైన్స్ మ్యూజియం వాళ్లు 1991లో కట్టి చూస్తే లెక్క సరిగ్గా చేసింది!

ఇది కుదిరాక ఘనాలు పట్టండి. నాలుగు గడులు, మొదటి వరస 0, 1, 6, 6. పద్ధతి అదే, పదిసార్లు దిగితే 1000 దగ్గర తేలాలి.